పిన్ని పేరు మీద లైసెన్సు

పోయిన వారం పిచ్చుకను మనం ట్రీట్‌మెంట్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. వేలు గోడ మీది అలారం టెస్ట్ స్విచ్ మీద, చూపు పిన్ని మీద. మర్నాడు పొద్దున లైసెన్సు రెన్యువల్ కోసం ఇన్‌స్పెక్షన్ ఉంది కనుక, అన్నీ పనిచేస్తున్నాయో లేదో ఓసారి చూద్దామని ఎవరికీ చెప్పకుండా ఆ స్విచ్ నొక్కింది. అలారం కీచుమని గది దద్దరిల్లేలా మోగింది. కారిడార్‌లో ఆయా బకెట్ అక్కడే వదిలేసి పరుగు లంకించుకుంది. సరిగ్గా ఆ అలారం కిందే నిలబడ్డ పిన్ని మాత్రం కళ్లజోడు తీసి, కోటు అంచుతో అద్దాలు తుడుచుకుని, వెలుతురుకేసి పట్టి చూసుకుని, తృప్తిగా మళ్లీ పెట్టుకుంది.

పిచ్చుక స్విచ్ వదిలేసింది. మోత ఆగింది. మోగినట్టు గానీ ఆగినట్టు గానీ పిన్నికి తెలియనే తెలియదు.

పిన్ని ఆ ఆసుపత్రిలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్. పిచ్చుక ఆవిడ అక్క కూతురు, అక్కడే ఫిజిసిస్టు. తల్లి పోయాక చంకనెత్తుకుని తెచ్చి పెంచింది పిన్నే. ఈ పిల్ల పొద్దున కళ్లు తెరిచింది మొదలు పడుకునేదాకా సన్నటి గొంతుతో ఏదో ఒకటి వాగుతూనే ఉండేది కనుక పిచ్చుక అయింది. పిన్ని చేతిలో ఉండే రేడియేషన్ మీటర్ కూడా అలాగే కిచకిచలాడేది. "ఇంట్లో ఒకటి, డ్యూటీలో ఒకటి. నాకు తోడుకి కరువేముంది!" అనేది ఆవిడ, ఎవరైనా పెళ్లి మాట ఎత్తినప్పుడు.

ఇక ఆ లైసెన్సు గొడవేమిటంటారా. ట్రీట్‌మెంట్ గదిలో ఒక మెషిన్ ఉంది. దాని కడుపులో, మందపాటి లోహపు గూట్లో, బియ్యపు గింజ కన్నా చిన్నదైన రేడియోధార్మిక ముక్క ఉంటుంది. సన్నటి తీగ చివర అది బయటికొచ్చి, గొట్టంలోంచి రోగి ఒంట్లో గడ్డ దాకా వెళ్లి, చెప్పినంతసేపు అక్కడుండి, మళ్లీ గూటికి చేరుకుంటుంది. చేరుకోవాలి. చేరకపోతే గోడ మీద ఎర్రలైటు వెలిగి, అలారం మోగుతుంది. చేరిందో లేదో చూడటానికే పిన్ని ఉంది. ప్రతి సిట్టింగ్ అయ్యాక మీటర్ పట్టుకుని అందరికంటే ముందు ఆ గదిలో అడుగుపెట్టేది ఆవిడే. అలాంటి ముక్కను దగ్గరుంచుకోవాలన్నా, వాడాలన్నా లైసెన్సు కావాలి. ఏ పదార్థం, ఎంత, ఏ గదిలో, ఎవరి పూచీ మీద అని అందులో ఉంటుంది. ఆ ఆఖరి చోట ఇన్నాళ్లూ పిన్ని పేరే ఉంది. ఆ చోటు ఖాళీ అయితే ముక్క గూట్లోంచి బయటికి రాకూడదు. దాని జోరు తగ్గింది కనుక త్వరలో కొత్తది రావాలి. లైసెన్సు చెల్లదంటే కంపెనీ వాళ్లు దాన్ని బండి కూడా ఎక్కించరు.

బయట బెంచీ మీద టీచరమ్మ ఉంటుంది, ఆవిడ సంగతీ చెప్పాలి. బడిలో డ్రాయింగ్ చెప్పే మనిషి. గర్భసంచిలో క్యాన్సర్. సిట్టింగులు సగం అయ్యాయి, సగం ఉన్నాయి. మధ్యలో ఎక్కువ గ్యాప్ వస్తే చేసిందంతా వృథా అవుతుందని పెద్ద డాక్టర్‌గారు మొదటి రోజే చెప్పారు. ఆవిడ మాత్రం వచ్చినప్పుడల్లా రంగు పెన్సిళ్లు వెంట తెచ్చుకుని, "ఈ మెషిన్ మొహం మరీ చప్పగా ఉందండీ, మీసాలు గీయనివ్వండి" అని పిన్నిని ఆటపట్టిస్తుంది.

అదీ సంగతి. ఇప్పుడు పిచ్చుకను గుమ్మంలోంచి కదిలిద్దాం.

ఇంటికి వచ్చేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. విప్పకపోవడం ఈమధ్య కొత్తేమీ కాదు కూడా. కొంతకాలంగా పిన్నితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు. అన్నం పెట్టుకోమంటే పెట్టుకోవడం, గిన్నెలు కడిగి బోర్లించడం, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

పిన్ని వంటింట్లో బియ్యం కడుగుతోంది. పిచ్చుక గడప దగ్గర ఆగింది. కొళాయి కట్టేదాకా ఓపిక పట్టి, పిన్ని వీపు చూస్తూ మామూలు గొంతుతో అంది:

"పిన్నీ, ఇల్లు తగలబడిపోతోంది."

పిన్ని గిన్నె వంచి, గింజ జారకుండా చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు ఒంపింది.

"పిన్నీ, నీ జడకి నిప్పంటుకుంది."

పిన్ని బియ్యం పొయ్యి మీద పెట్టి మూత కోసం వెతుక్కుంది. మూత గూట్లో పైన ఉంది. అందుకుని వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల గడప మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది.

"అయ్యో, ఏమైందే? ఎవరేమన్నారు?"

"ఇల్లు తగలబడుతోందని చెప్పాను," అంది పిల్ల తలెత్తి.

పిన్ని గాభరాగా పొయ్యికేసి చూసింది. "ఎక్కడే?"

"ఎక్కడా లేదు. నీ వెనకాల నిలబడి చెప్పాను. నీకు వినపడలేదు."

"బియ్యం కడుగుతుంటే ఆ నీళ్ల మోతలో ఎవరికి వినపడుతుంది?"

"కొళాయి కట్టేశాకే చెప్పాను. సాయంత్రం అలారం మోగించింది కూడా నేనే పిన్నీ. నీ నెత్తి మీదే మోగింది. ఆయా గేటు దాకా పారిపోయింది."

పిన్ని చేతిలో మూత అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో మరిచిపోయినదానిలా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆఖరికి ఒళ్లో పెట్టుకుని పిల్ల ఎదురుగా నేల మీద చతికిలబడింది. గట్టి మనిషి. పెద్ద డాక్టర్‌నైనా సరే, మీటర్ తీసి చూడందే ఆ గది గడప దాటనిచ్చేది కాదు. ఆ మనిషి ఇప్పుడు గిన్నె మూత పట్టుకుని తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా కూర్చుంటే చూడటానికి ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

"ఎప్పట్నుంచి?" అంది పిచ్చుక.

"ఒక్కసారిగా పోలేదే. ముందు పాలు పొంగే చప్పుడు పోయింది. తర్వాత ఫోను. లావు చప్పుళ్లు బాగానే వినపడతాయి. సన్నవే జారిపోతున్నాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అందుకుంటున్నాను."

"మీటర్ కూడానా?"

"మీటర్ కూడా."

"అందుకేనా దాని సౌండ్ తీసేయమన్నావు? రోగులు భయపడుతున్నారని మా అందరికీ చెప్పావు. నేనూ నమ్మాను. మా పిన్నిది ఎంత మంచి మనసని మురిసిపోయాను కూడా."

"భయపడతారు కూడానే..." అని ఆగిపోయింది పిన్ని. తన మాట తనకే రుచించలేదు. "నీ మీద ఒట్టు, మీటర్ సూది చూడకుండా ఒక్క అడుగు వేయలేదే. ఎర్రలైటు చూస్తాను, సూది చూస్తాను, అప్పుడే లోపలికి రమ్మంటాను. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు."

"సూది నువ్వు చూసినప్పుడే చెప్తుంది పిన్నీ. నువ్వు చూడనప్పుడు చెప్పడానికే అలారం."

పిన్ని తలెత్తింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

"ఆ మాట నేనే చెప్పాను కదూ నీకు?"

"నువ్వే. మొదటి రోజే."

"బాగా చెప్పాను."

అన్నం ఉడుకు పట్టింది. పిచ్చుక లేచి మంట తగ్గించి వచ్చి, ఈసారి గడప మీద కాకుండా పిన్ని పక్కన, భుజం తగిలేలా కూర్చుంది. ఎందుకు దాచావని అడగలేదు. పిన్నే చెప్పుకుంది.

"ఈ ఊళ్లో ఆ సీటుకి అర్హత ఉన్నవాళ్లు ఇద్దరే. ఇద్దరం ఈ వంటింట్లోనే ఉన్నాం. నేను లేచానంటే నిన్ను పట్టుకొచ్చి కూర్చోబెడతారు. ఆ లైసెన్సులో ఒకసారి పేరు పడిందంటే, ఇంకో పేరు దొరికేదాకా ఊరు కదలడానికి ఉండదు. మనం కదిలితే అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్ల గతేమిటి? నన్ను చూశావుగా. రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అనుకుంటూనే జుట్టు నెరిసిపోయింది. నాకేం బాధ లేదు, నువ్వున్నావు. కానీ నీకు ఆ బతుకు వద్దనిపించింది." ఒళ్లోని మూత తీసి పక్కన పెట్టింది. "అంతా నీ కోసమే అంటే అబద్ధం అవుతుంది. ఆ మీటర్ ఇంకొకరి చేతిలో పెట్టాలంటే నాకూ ప్రాణం ఒప్పలేదే."

పిచ్చుక పిన్ని వైపు తిరిగింది. "నేను వెళ్లిపోతానని తెలిసే ఇలా చేశావా?"

"ఎక్కడికి వెళ్లిపోతావు?"

"అదే, ఆ రోజు చెప్పాను కదా."

"ఏ రోజు? ఏం చెప్పావు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజూ ఇదే వంటిల్లు. పిన్ని అటు తిరిగి పాలగిన్నె కడుగుతోంది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, పిచ్చుక ఆవిడ వీపుతోనే చెప్పుకుంది. చెప్పదలుచుకున్నదంతా ఒక్క గుక్కలో కక్కేసి, గుండె చిక్కబట్టుకుని నిలబడింది. పిన్ని కొళాయి కట్టి, చెయ్యి తుడుచుకుని, ఇటు తిరిగి, "పాలు విరిగినట్టున్నాయి, చూడు" అని బయటికి వెళ్లిపోయింది. ఇంక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని అర్థమనుకుంది పిల్ల. ఆ రోజు మూతి ముడుచుకున్నది ఇంతవరకూ విప్పలేదు.

"నేను ఒకతన్ని పెళ్లి చేసుకుంటానన్నాను," అంది పిచ్చుక మెల్లిగా, పిన్ని మొహంలోకి చూస్తూ. "అతనికి వేరే ఊరు ట్రాన్స్‌ఫర్ అయింది, నేనూ వెళ్తానన్నాను. నువ్వు పాలు విరిగాయన్నావు."

"విరిగాయి మరి!"

పిచ్చుకకు ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పిన్ని కూడా నవ్వబోయి, మాట ఇప్పుడు బుర్రకెక్కి, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరే అతను?"

"మెషిన్ సర్వీసింగ్‌కి వస్తాడు చూడూ..."

"స్క్రూడ్రైవరా!" పిన్ని కళ్లు ఇంతలయ్యాయి. "ఓసి నీ దుంపతెగ! అందుకా, అతనొచ్చిన రోజే నీకు ఆ గదిలో పనులన్నీ గుర్తొచ్చేవి?" కాసేపు ఆలోచించింది. "మంచివాడేనే. బిగించిన స్క్రూ మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుని గానీ వెళ్లడు."

పిన్ని నోటి నుంచి మనిషి గురించి ఇంతకంటే గొప్ప మాట రాదు. పిచ్చుకకు తెలుసు. బరువు దిగిపోయినట్టయింది.

"మరి నాతో మాట్లాడటం మానేశావెందుకు?"

"నీకు కోపం వచ్చిందనుకున్నాను."

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది పిన్ని. "ఇంట్లో నీ గొంతు వినపడటం మానేసింది. బస్సు హారన్ వినపడుతోంది, ఎవరైనా తలుపు బాదితే వినపడుతోంది, నీ గొంతు ఒక్కటే లేదు. పిల్ల ఎప్పట్లాగే వాగుతూనే ఉంది, ఆ సన్నటి గొంతుకే నా చెవులు పోయాయి అనుకున్నానే. నీ మొహం చూడ్డానికి కూడా భయమేసింది. చూస్తే, నీ పెదాలు కదులుతూ ఉండి నాకేమీ వినపడకపోతే ఎలా?"

పిచ్చుక ఇంక ఆగలేకపోయింది. పిన్నిని రెండు చేతులా చుట్టేసుకుని భోరుమంది. ఇన్నాళ్లూ తను బెట్టు చేస్తున్నాననుకుంది. పిన్ని మాత్రం ప్రతి పూటా తన గొంతు కోసం చెవులు రిక్కించి, దొరక్క, ఎవరికీ చెప్పుకోలేక పడుకుంది. ప్రేమ ఉన్న ఇళ్లల్లోనే ఇలాంటి చోద్యాలు జరుగుతాయి. ప్రేమ లేకపోతే ఒకటికి రెండుసార్లు అరిచి అడిగేసేవాళ్లు.

అన్నం అడుగంటిన వాసన వచ్చాక గానీ ఇద్దరూ లేవలేదు. మాడిన అన్నమే పెట్టుకుని తింటూ, పిన్ని ఒక నిర్ణయానికి వచ్చింది.

"రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆవిడకి నేనే చెప్తాను. నువ్వు నోరెత్తకు. నా పేరు నేనే కొట్టేయించుకుంటాను, అది నా మర్యాద. కానీ నువ్వు నాకు రెండు మాటలివ్వాలి."

"చెప్పు."

"ఒకటి, ఇకనుంచి నాకేం చెప్పాలన్నా నా మొహం చూసి చెప్పాలి. వెనక నుంచి కాదు."

"సరే."

"రెండోది, ఆ సీట్లో నువ్వు కూర్చోకూడదు. ఎవరు బతిమాలినా సరే. నీ పెళ్లి నువ్వు చేసుకుని, నీ దారిన నువ్వు సుఖంగా వెళ్లాలి."

"మరి టీచరమ్మ?"

"పక్క ఊరి ఆసుపత్రి వాళ్లున్నారు కదా, పెద్ద డాక్టర్‌తో చెప్పి అక్కడికి పంపిద్దాం. తీసుకుంటారు, ఎందుకు తీసుకోరు? ముందు చేతిలో చెయ్యి వెయ్యి. నా మీద ఒట్టు."

పిచ్చుక చెయ్యి వేసింది.

తర్వాత తన గదిలోకి వెళ్లి అతనికి ఫోన్ చేసింది. పిన్ని ఒప్పుకుందని చెబితే, అవతల అతను ఆనందం పట్టలేక వంటిల్లు పెద్దగా ఉన్న ఇల్లే చూస్తానన్నాడు, పిన్ని వచ్చినప్పుడు ఇరుకుగా ఉండకూడదట. ఆ పిల్ల గుసగుసగా మాట్లాడుతోంది. గుసగుసలాడాల్సిన పనే లేదని మధ్యలో గుర్తొచ్చి, కళ్లు మళ్లీ నిండాయి.

పొద్దున ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ని చాటుగా 'ఎర్రపెన్ను' అంటారు. ఆ పెన్నుకి దడుచుకోని డాక్టర్ లేడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. తలుపు తెరవగానే మెషిన్ ఆగుతోందా, కెమెరాలో మంచం మొత్తం కనపడుతోందా, గూటి తాళాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి. అద్దం అవతల బెంచీ మీద టీచరమ్మ కూర్చుని ఏదో బొమ్మ గీసుకుంటోంది. ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఆవిడ సిట్టింగ్.

"మేడమ్, మీరు మిగతావి చూసేలోపు నేనొక మాట చెప్పాలి," అంది పిన్ని. "నాకు మీటర్ చప్పుడు వినపడట్లేదు. గోడ అలారమూ వినపడదు. ఈ పూచీకి నేనింక పనికిరాను. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

పెద్ద డాక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఎర్రపెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇన్నేళ్ల నుంచి తిరుగుతున్నాను. తప్పు నేను పట్టుకోవడమే గానీ, ఎదురొచ్చి చెప్పినవాళ్లు లేరు," అంది. ఆ తర్వాత ఆవిడ చేసిన పని పిచ్చుక ఎప్పటికీ మరిచిపోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, తన మొహం పిన్నికి నేరుగా కనిపించేలా కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ మాట్లాడింది. "మీ పేరు తీసేయక తప్పదండీ. ఇంతకాలం మీరు పట్టించుకున్న తీరు మాత్రం నేను వేరే రాస్తాను. అర్హత ఉన్న ఇంకొకరి పేరు ఇస్తే ఇప్పుడే సిఫారసు చేస్తాను, పని ఆగదు. లేకపోతే ఈ పూటే గూటికి సీలు వేసి వెళ్లాలి."

పెద్ద డాక్టర్ వెంటనే పిచ్చుక వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయి ఉంది కదండీ."

"కుదరదు," అంది పిన్ని. ఆ ఒక్క మాటలో గర్వం అంతా ఇంతా కాదు. "అది పెళ్లి చేసుకుని వెళ్లిపోతోంది. టీచరమ్మని పక్క ఊరు పంపండి. ఫోన్ చేసి మాట్లాడండి డాక్టర్‌గారూ."

డాక్టర్ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు ఊఁ కొట్టాడు. పెట్టేసి, మొహం కిటికీ వైపే ఉంచి, పక్కనున్న పిచ్చుకకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"వచ్చే నెల దాకా ఖాళీ లేదంటున్నారమ్మా. బతిమాలినా లాభం లేకపోయింది. అంతదాకా ఆగితే ఆవిడకి... నీకు తెలుసుగా."

పిచ్చుకకు తెలుసు. పిన్నికేసి చూసింది. పిన్ని ఇదేమీ ఎరగదు. అద్దంలోంచి టీచరమ్మ తను గీసిన బొమ్మ ఎత్తి చూపిస్తోంది. మెషిన్‌కి దట్టంగా మెలితిప్పిన మీసాలు. పిన్ని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతోంది. పేరు పోయిన బాధ కూడా కాసేపు మరిచిపోయినట్టుంది. ఎంతోకాలం మోసిన బరువు దించుకుని, పిల్లకి దారి వదిలానన్న సంతోషం ఆ మొహంలో తెలుస్తూనే ఉంది.

పెద్ద వంటిల్లున్న ఇల్లు వెతుకుతున్న మనిషి గుర్తొచ్చాడు. చేతిలో చెయ్యి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. పిచ్చుక రెండడుగులు వేసి బల్ల ముందు, పిన్నికి వీపు పెట్టి నిలబడింది.

"నా పేరు రాయండి మేడమ్," అంది. ఆ సన్నటి గొంతుతో, ఎంత మెల్లిగా వీలైతే అంత మెల్లిగా.

ఇన్‌స్పెక్టరమ్మ పిచ్చుక భుజం మీదుగా వెనకున్న పిన్నిని చూసింది. మళ్లీ పిల్ల మొహంలోకి చూసింది. పెన్ను చేతిలోకి తీసుకుంది.

అప్పుడే పిచ్చుక భుజం మీద వెనక నుంచి ఒక చెయ్యి పడింది. ఇంకా నవ్వు ఆగని గొంతుతో పిన్ని అడిగింది:

"ఏమంటున్నావే? ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు."